బిడ్డ పెండ్లికని మాగిన నిమ్మకాయ

మా బిడ్డ పుట్టినప్పుడు మా అత్తమ్మ సిరిసిల్ల నుంచి సూరత్‌లో మేముండే ఉధ్నాకు వచ్చింది. పురుడు తీరిన మర్నాడే నిమ్మకాయలు కొనాలంది. బాలింత పథ్యానికేమో అనుకున్నాను. కాదట. వాళ్ళింట్లో ఆడపిల్ల పుడితే ఒక జాడీ నిమ్మకాయ ఉప్పులో ఊరబెట్టి దాచిపెడతారట. ఆ పిల్ల పెండ్లిలో, వధూవరులు కలిసి తినే బువ్వంలో తొలి ముద్దకు దాన్ని తీస్తారట.

నాకు నవ్వొచ్చింది. పిల్లకు ఇంకా పేరే పెట్టలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని మా ఆయనతో అన్నాను. మరమగ్గాల హోరులో సగం చెవులు పోగొట్టుకున్న మనిషి, విననట్టే చెప్పులేసుకుని పనికి పోయాడు.

ఆమె కాయలు ఏరడం చూడాలి. తోపుడు బండి గడప ముందు ఆగితే నేను పిల్లనెత్తుకుని లోపలి నుంచే చూశాను. పెద్ద కాయలు పక్కకు తోసేసింది. పచ్చివి వద్దంది. పండి, తోలు పలచబడి, చేతిలో బరువు తూగేవే కావాలి. తొడిమ దగ్గర చిన్న మచ్చ ఉన్నా పనికిరాదు. ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు, అయినా బండివాడే తల పట్టుకున్నాడు.

తర్వాత స్నానం చేసి, చేతులు బాగా ఆరేదాకా కూర్చుని, కాయలు చీల్చి ఉప్పూ పసుపూ కూరింది. నూనె లేదు, కారం లేదు. మా వాడలో మిద్దె మీద ఏది ఎండబెట్టినా మగ్గాల నూగు, మిల్లుల మసి పడతాయి. అందుకని జాడీకి తెల్లబట్ట కట్టి పొద్దంతా దాని పక్కనే కూర్చునేది. ఊరికి పోయేముందు నాకు ఒకటే చెప్పింది.

"తడి చెయ్యి పెట్టకు బిడ్డా. మిగతాదంత అదే చూసుకుంటది."

ఆ మరుసటేడే ఆమె పోయింది. మేం పాండేసరకు, అక్కణ్ణించి పర్వత్ పాటియాకు ఇల్లు మారాం. రెండుసార్లూ జాడీని నేనే ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చాను.

బిడ్డ పెండ్లీడుకొచ్చింది. నిరుడు వానల్లో మా ఆయనకు జ్వరం వచ్చింది. నోటికేదీ సహించక, నేను లేనప్పుడు జాడీ దించి ఒక ముక్క తిన్నాడు. అదీ అప్పుడే కడిగిన చెంచాతో. ఆరోజు నా నోరు వాడ వాడంతా విన్నది.

"జర్రంత పాత నిమ్మకాయ తింటే జరం దిగుతదని మా అమ్మనే చెప్పేది," అన్నాడు.

నిజమే, మా దిక్కు జ్వరానికి అదే పథ్యం. కానీ తడి తగిలితే బూజు పడుతుంది. అప్పటికే బిడ్డకు సంబంధం ఖాయమైంది. మూత తీసి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. అత్తమ్మ నమ్మి అప్పగించి పోయినది నా ఇంట్లో పాడైందంటే, ఇక ఆమెను ఎక్కడ క్షమాపణ అడగాలి?

పెండ్లి ముందురోజు పొద్దున్నే బట్ట విప్పాను. కాయలు చింతపండు కన్నా నల్లబడ్డాయి. జాడీ గోడలకు ఉప్పు పలుకులు కట్టి మెరుస్తున్నాయి. బూజు లేదు. చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుంటే నమలకుండానే కరిగింది. పులుపు, ఉప్పు, చేదు ఏదీ విడిగా లేదు. దీన్ని ఎవరూ వండలేదు. ఇన్నేళ్ళూ మేం తింటూ, పడుకుంటూ, కొట్లాడుకుంటూ ఉంటే, ఆ మూలన అది తన పని తాను చేసుకుంటూనే ఉంది. తెలియకుండానే రెండు చేతులూ జోడించాను.

బువ్వంలో బిడ్డ తొలి ముద్ద తిన్నది. అల్లుడు ఇంకో ముక్కకు చెయ్యి చాపి, ఇది ఎవరు చేశారని హిందీలో అడిగాడు. సూరత్‌లో పెరిగిన పిల్లలు, వాళ్ళ మాటలన్నీ హిందీలోనే.

నా బిడ్డకు నాయనమ్మ ముఖం కూడా గుర్తులేదు. అయినా తడుముకోలేదు. వంటింట్లో ఉన్న మనిషి గురించి చెప్పినట్టు, తెలుగులోనే చెప్పింది.

"మా బాపమ్మ. మనకోసమని పెట్టింది."