ఎవరి పేరు పెట్టి ఏడవాలి?

నా చిన్నప్పుడు మా నర్సింహులపేట దిక్కు పాటలు పట్టుకునే మిషన్ ఒకటి వచ్చింది. పట్నం నుంచి ఒక పంతులు తెచ్చాడు. మా పటేలు ఇంట్లో దిగాడు. శోకం బాగా పాడేది ఎవరని అడిగితే అందరూ మా అవ్వనే చూపించారు. మా బాపు తల్లి ఆమె. ఎవరింట్లో పీనుగ లేచినా అవ్వ పోవాల్సిందే. చచ్చినవాళ్ల పేరు పెట్టి, వాళ్లు తిరిగిన చేను, తాగిన చెంబు తలుచుకుంటూ ఎత్తుకుంటే, వాకిట్లో మగవాళ్లు తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకునేవాళ్లు.

కానీ అప్పుడు మా బాపు తాటిచెట్టు మీది నుంచి పడి మహబూబాబాద్ దవాఖానలో ఉన్నాడు. కళ్లు తెరవలేదని కబురొచ్చింది. చావు లేకుండా శోకం ఎత్తితే చావును పిలిచినట్టేనని మా నమ్మకం. అవ్వ ఏడుపొచ్చినా కొంగు నోట్లో కుక్కుకునేది.

అలాంటి పూట పటేలు మమ్మల్ని పిలిపించాడు. ఆయన చేలల్లోనే పత్తి ఏరేవాళ్లం. బాపును దవాఖానలో పడేసింది కూడా ఆయన జీపే.

పంతులు ముందు ఒక పాట వినిపించాడు. ఒక్క గిటార్, ఒక్క గొంతు, అదీ బొంగురు గొంతు. సముద్రం అవతలి నల్లవాళ్ల పాట అట, బ్లూస్ అంటారట. వాళ్లూ పత్తి ఏరిన కూలీలేనట. ఎవరో ఇట్లాగే మిషన్ మోసుకుపోయి పట్టుకొస్తే, ఆ పాట విని దేశదేశాల వాళ్లు పాడటం నేర్చుకున్నారట. అవ్వ మిషన్‌కు చెవి ఆనించి విన్నది.

"ఆయనకు ఎవలు సచ్చిన్రు సారూ?"

"ఎవరూ చావలేదమ్మా. తన బాధ తను పాడుకున్నాడు."

"గట్లనా. మరి గాయన్ని గుంజుకచ్చి పాడుమనలే గద?"

పంతులు పాట చక్రం తీసి, గొంతు పట్టుకునే చక్రం మిషన్‌కు ఎక్కించాడు. పటేలు గొంతు లేచింది.

"ముచ్చట్లు సాలు గని ఎత్తుకో ముసల్దానా. నీ కొడుకును జీపుల ఏసి పంపింది యాదికున్నదా?"

నేను అవ్వ కొంగు పట్టుకున్నాను. పాడితే బాపు పోతాడు, పాడకపోతే మా కూడు పోతుంది. మిషన్ మీద చక్రాలు తిరుగుతున్నాయి. అవ్వ కింద కూలబడి కొప్పు విప్పుకుంది. శోకానికి ముందు అట్లాగే విప్పుకునేది. నేను కొంగు పట్టి వెనక్కి గుంజాను.

"పాడ్త పటేలా, నీ మాట కాదంటనా. కని పేరు లేకుంటే శోకం రాదు. నా కొడుకు పేరైతే పెట్ట. మరి ఎవల పేరు పెట్టుమంటవ్? నీ పేరు పెట్టాల్నా?"

లోపలి నుంచి పటేలు భార్య ఉరికొచ్చింది. "వద్దవ్వా, నీకు దండం పెడ్త, కొప్పు ముడువు" అని అవ్వ రెండు చేతులూ పట్టుకుంది. పటేలు రెండడుగులు వెనక్కి వేశాడు. "పో, పొండి ఇంటికి" అన్నాడు. పంతులు మిషన్ ఆపేశాడు.

బజారు మలుపు దాటాక అవ్వ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"ఏడ్పు ఒకలు చెప్తె వచ్చేది కాదు బిడ్డా" అంది.

బాపు కుంటుకుంటూనైనా ఇంటికొచ్చాడు. పటేలు మాత్రం మమ్మల్ని మళ్లీ పనికి పిలవలేదు. పక్క ఊరి చేలకు నడిచిపోయాం.

నా పెనిమిటి పోయిన రోజు, మంది చూస్తున్నారు, ఎత్తుకోమని అందరూ నా వీపు తట్టారు. నాకు రాలేదు. రాతి గుండె అన్నారు, ఆ మాటలూ పడ్డాను. ఆ తర్వాత చాలా నాళ్లకు పత్తి చేనులో ఒంటరిగా ఏరుతుంటే ఆయన పేరు నోటికొచ్చింది. పొద్దు గుంకేదాకా పాడాను. అప్పుడు బొంగురుపోయిన గొంతే ఇది, మీరు వింటున్నది.