అత్త వేళ్లను కాపాడింది అదృష్టం కాదు

మా మేనత్త పోయిందని మామ ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురంలో పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతున్నాను. పొద్దున లేచి కాఫీ పెట్టిందట. గుండెలో నొప్పిగా ఉందంటూ గోడకు ఆనుకుని కూర్చుందట. ఆటో వచ్చేలోపే అయిపోయింది. "మీ అత్త ల్యాకుండా పాయ పాపా" అని ఆ ఒక్క మాటే చెప్పి మామ ఫోన్ పెట్టేశాడు. సోమందేపల్లి మీదుగా బస్సులో పెనుకొండ చేరేసరికి వాళ్ల వాకిట్లో అప్పటికే షామియానా వేశారు.

ఏడవడానికి వెళ్లిన నాకు ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా దిగలేదు. దిగకముందే ఇది రాయాలనుకున్నాను.

హిందూపురంలో ఒక కాంట్రాక్టరు ఉన్నాడు. బడులకు బెంచీలు, తలుపులు, కిటికీలు చేయించి ఇస్తాడు. ఆయన పెద్ద పూలమాలతో కారు దిగి, అత్త మీద మాల వేసి, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేటట్టు అన్నాడు: "పుణ్యాత్మురాలు. ఇన్నేండ్లు రంపం కాడ నిలబడి, ఒక్క వేలు కూడా పోకుండా పోయింది. అదృష్టమంటే ఈమెది."

అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది.

"ఆ మాట మీరు అనొద్దన్నా" అన్నాను.

"ఏమ్మా, మంచి మాటే గదా అంటి?"

"మంచిదే. మీ నోట్లోంచి రావాల్సింది మాత్రం కాదు."

ఎవరో నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. "సావింటి కాడ యాల పాపా ఇవన్నీ" అన్నారు. నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆ అవసరం లేదు.

మా అత్త ధర్మవరంలో మగ్గం చప్పుడు మధ్య పుట్టి పెరిగింది. మామ కూడా నేత కుటుంబంవాడే. కానీ నేత వదిలి, బెంగుళూరులో చెక్కపని నేర్చుకుని వచ్చి పెనుకొండలో షెడ్డు పెట్టాడు. మగ్గాలకు కావలసిన చట్రాలు, పలకలు చేసి ధర్మవరానికి పంపేవాడు. షెడ్డు మధ్యలో కోత మిషను ఉండేది. ఇనుప బల్ల, దాని మధ్య చీలికలోంచి పైకి తేలి తిరిగే గుండ్రటి బ్లేడు. బల్ల మీద చెక్కను పెట్టి తోస్తే రెండుగా చీలుతుంది. చూడటానికి ఇంతే.

నేను కాలేజీలో ఉన్నప్పుడు మామ ఎడమ చేతి రెండు వేళ్లు ఆ మిషనులో పోయాయి. సన్నటి పట్టీ కోస్తున్నాడు. చీలిన చెక్క వెనక మూసుకుని బ్లేడును కరుచుకుంది. బ్లేడు దాన్ని ఎత్తి వెనక్కి తన్నింది. చెక్క మీద నొక్కిపెట్టిన చెయ్యి, కింద చెక్క లేకపోయేసరికి, నేరుగా బ్లేడు మీదకు జారింది. అంతా రెప్పపాటులో జరిగిపోయింది.

ఆసుపత్రి నుంచి రాగానే ఇంట్లోవాళ్లు చేసిన మొదటి పని, మిషనుకు దిష్టి తీయడం. గుమ్మడికాయ కొట్టారు, నిమ్మకాయలు కోసి నాలుగు మూలలా పెట్టారు. శని పట్టిందని ఒకరు, షెడ్డు వాస్తు బాగాలేదని ఇంకొకరు. అత్త అంతా చూసి అడిగింది:

"మీరు తీసే దిష్టి తీయండి, నేనేం అడ్డం రాను. ఈ మిషను మీద మూత ఉండల్ల గదా, అది యాడుండాది?"

మిషను కొన్నప్పుడు బ్లేడు మీద కప్పే, ఒకవైపు అద్దం ఉన్న మూత వచ్చింది. బ్లేడు వెనక నిలబడి, కోసిన చీలిక మూసుకోకుండా పట్టుకునే రేకు ముక్క కూడా వచ్చింది. పనికి అడ్డమొస్తున్నాయని రెండూ విప్పేశారు. ఆ మూత షెడ్డు మూలలో దొరికింది. అందులో మేకులు పోసుకుని వాడుకుంటున్నారు. అత్త ఆ మేకులను నేల మీద గుమ్మరించింది. మూతను తుడిచి, రేకును కూడా వెతికి తెచ్చి, మామ పక్కన కూర్చుని చెబుతుంటే రెండూ తన చేతులతోనే బిగించింది. ఆ తర్వాత ఆ షెడ్డులో ఆ మిషను నడిపింది ఆవిడే.

దానికి ఊరు ఎంత రభస చేసిందో! ఆడది రంపం పట్టడమేమిటన్నారు. అంతకంటే పెద్ద గొడవ గాజుల గురించి. మిషను దగ్గరికి వెళ్లేముందు అత్త గాజులు తీసి గూట్లో పెట్టేది. కొంగు కనపడకుండా పైన మామ పాత చొక్కా వేసుకుని గుండీలన్నీ పెట్టుకునేది. జుట్టు ముడి వేసి తువ్వాలు కట్టేది. మొగుడు బతికుండగా గాజులు తీస్తావా అని వాళ్ల అత్తగారు, ఇంట్లో అందరం అవ్వ అని పిలిచే ఆవిడ, వాకిట్లో కూర్చుని శోకాలు పెట్టింది.

"గాజులు తీస్తే నీ కొడుక్కేం కాదులే అవ్వా" అంది అత్త. "ఏసుకుంటే నా చెయ్యి పోతాది. ఇంట్లో ఒక చెయ్యి పోయింది సాల్దా?"

అవ్వ కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. అత్త రోజూ ఆవిడకు అన్నం పెట్టి, గాజులు తీసి, షెడ్డుకు వెళ్లేది.

హిందూపురంలో బ్లేడ్లకు సాన పట్టే ఒక ముసలాయన దగ్గరికి అత్త పదేపదే వెళ్లేది. సగం కన్నడం, సగం తెలుగులో ఆయన చెప్పింది విని, తిరిగొచ్చి చేసి చూసేది. మొద్దుబారిన బ్లేడు పదునైనదానికంటే ప్రమాదమని ఆయన దగ్గరే నేర్చుకుంది. మొద్దు బ్లేడైతే మనిషి బలం పెట్టి తోస్తాడు. బలం పెట్టిన చెయ్యి ఒక్కసారి జారితే ఆగదు. బ్లేడును చెక్క మందం కంటే కాస్త పైకి మాత్రమే లేపేది. చెక్క వంకరగా ఉంటే ముందు ఒక అంచు చిత్రిక పట్టి తిన్నగా చేసి, ఆ అంచును పక్కనున్న గైడు పట్టీకి ఆనించి గానీ కోసేది కాదు. ఉత్త చేతుల అంచనాతో కోయడం అసలే లేదు. బ్లేడుకు ఎదురుగా ఎప్పుడూ నిలబడేది కాదు, కాస్త ఎడమకు జరిగి నిలబడేది. చెక్క చివరికొచ్చేసరికి చేతిని పక్కన పెట్టి, గాడి తీసిన తోపుడు కర్రతో నెట్టేది.

నేను సెలవుల్లో వెళితే పక్కన నిలబెట్టి చూపించేది. "మిషనుతో కొట్లాడకూడదు పాపా. అది తినేంత పెట్టల్ల. చప్పుడు మారిందంటే ఎక్కువ పెడతాండామని." ఒకసారి నేను చేతికి తొడుక్కునే గ్లవుసులు కొనుక్కెళ్లి ఇచ్చాను. నవ్వి పక్కన పెట్టింది. "దీని కొస పట్టుకుంటే చెయ్యంతా లాక్కుంటాది. కండ్లకు అద్దాలు తెచ్చీయి, అవి కావల్ల" అంది.

ఆ షెడ్డు నుంచి వెళ్లిన చట్రాలు ధర్మవరంలో మా నాయన మగ్గానికి కూడా ఉన్నాయి. మూల మట్టం పెట్టి చూస్తే ఇసుమంత తేడా ఉండదు. జాగ్రత్తగా ఉంటే పని నెమ్మదిస్తుందని అనేవాళ్లు మా అత్త పని చూసి ఉండరు. తప్పు కోత కోసి మళ్లీ కోయడం ఆమెకు ఉండేది కాదు.

ఇప్పుడు ఆ కాంట్రాక్టరు సంగతి.

బడి బెంచీల ఆర్డరు ఒకటి ఆయన అత్తకు ఇచ్చాడు. అదే సమయంలో మా చెల్లెలి పెళ్లి. అత్త, మామ ధర్మవరం వచ్చారు. కాంట్రాక్టరు మామకు ఫోన్ చేసి బతిమాలాడు. ఆలస్యమైపోతోంది, మా మనుషులతో కోయించుకుంటాం, తాళంచెవి ఎక్కడుందో చెప్పమన్నాడు. మామ మొహమాటంకొద్దీ చెప్పాడు. పెళ్లిపందిట్లో భోజనాలు చేస్తుండగా వార్త వచ్చింది. సోమందేపల్లి నుంచి వచ్చిన కూలీ, చిన్నపిల్లల తండ్రి, కుడిచేతి మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు.

అత్త పట్టుచీరతోనే పెనుకొండకు పరుగెత్తింది. ఆమెతో నేనూ వెళ్లాను. షెడ్డులో మూత, రేకు విప్పి బల్ల కింద పడేసి ఉన్నాయి. బల్ల మీది నెత్తురును ఎవరో రంపపు పొట్టు చల్లి కప్పారు. కాంట్రాక్టరు తలుపు దగ్గరే ఉన్నాడు.

"లేబరు ఆఫీసరు వస్తాండాడమ్మా. ఆ మూత బిగించేయ్. వాడు తాగొచ్చి చెయ్యి పెట్టినాడని చెప్పేద్దాం. నీకూ ఇబ్బంది ఉండదు, నాకూ ఉండదు" అన్నాడు.

"ఆయప్ప తాగినాడా?"

"తాగినాడో లేదో ఎవురు సూడొచ్చినారు?"

అత్త మూత పడి ఉన్న చోటికి వెళ్లి, దాన్ని ఎవరూ ముట్టుకోకుండా పక్కనే నిలబడింది. ఆఫీసరు వచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు. ఆయన వచ్చాక అంది: "తాగలేదు సార్. తొందరగా కోయల్లని మూత తీపిచ్చింది ఈయన. మేం ల్యానప్పుడు తాళం ఇచ్చింది మేము. మా తప్పు కూడా రాసుకోండి."

మామ తల దించుకున్నాడు. కాంట్రాక్టరు ఎర్రబడిపోయి, "నీకు ఈ జిల్లాలో పని ఎవురిస్తారో నేనూ సూస్తా" అన్నాడు. సత్యం చెప్పినందుకు మెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. కేసు, తిరుగుళ్లు, సంతకాలు చాలాకాలం నడిచాయి. ఆ కూలీకి న్యాయంగా రావాల్సింది ఆలస్యంగానైనా వచ్చిందంటే, అది ఆవిడ ఆ మాట మార్చనందువల్ల. కాంట్రాక్టరు మాత్రం తన మాట నిలబెట్టుకున్నాడు. హిందూపురం పనులు ఒక్కటీ ఆ షెడ్డుకు రాలేదు. ధర్మవరం మగ్గాలవాళ్లే ఆమెను నిలబెట్టారు.

అప్పటి బెంచీలు కొన్ని మా బడికే వచ్చాయి. ఇంకో షెడ్డులో, ఇంకెవరిచేతనో, మూత లేని మిషను మీదే కోయించి ఉంటాడు. పిల్లలు వాటి మీద కూర్చుని ఎక్కాలు చదువుతారు. నేను వాటి మీద చెయ్యి ఆనించలేను.

గాయం మానాక ఆ సోమందేపల్లి మనిషి అత్త దగ్గరికే పని కోసం వచ్చాడు. మొదట్లో నునుపు పట్టే పని, మేకుల పని ఇచ్చింది. మిషను చప్పుడు వింటే అతనికి చెమట పట్టేది. ఒక మధ్యాహ్నం కరెంటు తీగ పీకేసి అతన్ని పిలిచింది.

"రాప్పా. కరెంటు లేదు, నువ్వే సూసినావు గదా. ఊరికే చెక్క తోయి."

తిరగకుండా, బల్ల లోపలికి దించి ఉన్న బ్లేడు మీదుగా, మూత కింద నుంచి, అతను చెక్కను తోశాడు. మళ్లీ తోయమంది. మళ్లీ. అతని భుజాలు దిగేదాకా అట్లాగే చేయించింది. నిజంగా కోయడానికి అతనికి చాలాకాలం పట్టింది. అత్త ఎన్నడూ తొందరపెట్టలేదు. ఆమె పాడెకు ముందువైపు భుజం పట్టింది అతనే. కాంట్రాక్టరు అప్పటికి కారెక్కి వెళ్లిపోయాడు.

అదృష్టమట! మూతలు విప్పించేవాళ్లకు ఆ మాట ఎంత హాయిగా ఉంటుందో. వేళ్లు మిగిలితే అదృష్టం, పోతే వాడి కర్మ, లేదంటే తాగాడు. ఈ మాటల మధ్య వాళ్ల చేతులకు మట్టి అంటదు. నేను హిందూపురం పారిశ్రామికవాడ పక్కగా రోజూ వెళతాను. తెరిచి ఉన్న షెడ్లలో ఉత్త బ్లేడ్లు తిరుగుతూ కనిపిస్తాయి. దిగి అడిగితే "మాకు అలవాటే మేడం" అంటారు. మా మామకూ అలవాటే.

ఆమెను నేను చివరిసారి చూసింది పోయిన నెలలో. మా నాయనకు ఒంట్లో బాగాలేదంటే ఇద్దరం కలిసి ధర్మవరం వెళ్దామనుకున్నాం. నేను షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆమె చివరి కోత కోసి స్విచ్చి కట్టేసింది. మోటారు చప్పుడు ఆగింది. మూత పక్కన బల్ల మీద సన్నటి చెక్కపేడు ఒకటి మిగిలి ఉంది. దాన్ని తీసేస్తే పని అయిపోయినట్టే.

"రా అత్తా, బస్సు పోతాది" అన్నాను.

"ఉండు పాపా, ఇంకా తిరుగుతాండాది."

చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది. మూత అద్దంలోంచి, తెల్లటి పొగలా కనిపిస్తున్న బ్లేడు అంచు మెల్లగా పలచబడింది. తర్వాత పళ్లు కనిపించాయి, కలిసిపోయి కొన్ని, తర్వాత విడివిడిగా, ఒకటి, దాని వెనక ఇంకొకటి. సాయంత్రపు ఎండలో పొట్టు ఆమె చొక్కా మీద వాలుతోంది. బయట బస్సు హారను కొట్టింది. ఆమె తల తిప్పలేదు.