మా బావ బిగించిన కండెన్సర్

టెక్కలి కారు స్టాండులో కొన్నేళ్లుగా ఒక మాట తిరుగుతోంది. మా బావ పాత కండెన్సర్‌కి నల్లరంగు పూసి, కొత్తదని చెప్పి ఒక కారుకి తగిలించాడని. ఆ మాట అబద్ధం. దాన్ని మొదట అన్నవాణ్ణి నేనే. స్టాండులో నోటితో చెప్పి సరిచేశాను గానీ, అప్పట్లో నా దగ్గర విన్నవాళ్లలో కొందరు ఇప్పుడు పలాసలో ఉన్నారు, కొందరు ఇచ్ఛాపురం వైపు బళ్లు తోలుతున్నారు. వాళ్ల దాకా చేరాలని ఇది రాస్తున్నాను.

బావ అంటే మా అప్ప భర్త. మా వైపు అక్కని అప్ప అంటాం. కార్ల ఏసీ పని నాకు నేర్పింది ఆయనే. హైవే పక్కన రేకుల షెడ్డులో ఇద్దరం కలిసి చేసేవాళ్లం. కారు రాగానే ఆయన బానెట్ ఎత్తడు. లోపల కూర్చుని, ఏసీ వేసి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి అడుగుతాడు. "పరిగెడితే సల్లగుంటాదా, ఆగినా సల్లగుంటాదా?" తర్వాత పాత పేపరు ముక్కొకటి కారు ముందువైపు జాలీకి ఆనించి వదులుతాడు. లోపల ఫ్యాను గాలిని సరిగా లాగుతుంటే పేపరు అంటుకుని నిలుస్తుంది. లేకపోతే జారిపోతుంది. నాకంత ఓపిక లేదు. గ్యాస్ ఒత్తిడి చూపించే గేజి తగిలించి, ముల్లు ఎక్కడుందో చూసి తీర్పు చెప్పేసేవాణ్ణి.

ఆయనకి ఇంకో అలవాటుంది. ఏ బోల్టు బిగించినా దాని మీదా, పక్కనున్న ఇనుము మీదా కలిసేలా ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెడతాడు. తర్వాత ఎవరైనా ఆ బోల్టు తిప్పితే చుక్క విరిగిపోతుంది. సీసా మా అప్పది. "నా గోళ్లకి లేదు గానీ ఊళ్లో కార్లన్నిటికీ ఉన్నాది రంగు" అని దెప్పేది.

ఆ కారు నౌపడలో ఉండే ఒక రిటైరైన నర్సుగారిది. అందరూ సిస్టరమ్మ అంటారు. కండెన్సర్ అనేది బంపర్ వెనక, రేడియేటర్‌కి ముందు, జల్లెడలా ఉంటుంది. కారు లోపలి వేడిని బయటికి వదిలేది అదే. ఉప్పు మడుల గాలికి నౌపడ కార్లలో అది తొందరగా చిల్లులు పడుతుంది. సిస్టరమ్మ కారుకీ అదే జరిగి గ్యాస్ పోయింది. ఆమె భర్త గుండె జబ్బు మనిషి. ఎండల్లో విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బావ కొత్త కండెన్సర్ తెప్పించి తన చేతులతో బిగించి, చుక్కలు పెట్టి, బంపర్ మూసే పని నాకు వదిలాడు.

కండెన్సర్ అంచుల చుట్టూ స్పాంజి పట్టీలుంటాయి. దుమ్మూ ధూళీ పక్క సందుల్లోంచి దూరి వెనక చేరకుండా అవి ఆపుతాయి. ఈ కారులో అవి చివికిపోయి ఉన్నాయి. కొత్తవి కత్తిరించి అతికించాలి. భోజనాల వేళ అయింది. నేను పాతవి పీకి అవతల పడేసి, కొత్తవి పెట్టకుండానే బంపర్ మూసేశాను. చల్లగా వస్తోంది కదా, ఇంకేం అనుకున్నాను.

అది మినుములు పీకే కాలం. వరి కోసిన మళ్లలో పండిన మినుముల్ని రైతులు చెట్లతో సహా తెచ్చి తారురోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బళ్లు తొక్కితే కాయలు పగిలి గింజ రాలుతుంది. సిస్టరమ్మ తమ్ముడు కూడా అలాగే పరిచాడు. వాళ్ల ఊరి రోడ్డు మీద తిరిగే బళ్లు తక్కువ. అక్కగారి కారు ఉండనే ఉంది. "అప్పా, నాలుగు సుట్లు తిప్పీ" అన్నాడట. ఆమె తన కారు తనే తోలుతుంది. ఏసీ బాగైన సంబరంలో పొద్దుటి పూటంతా ఆ మినుముల మీద ముందుకీ వెనక్కీ తిప్పింది.

కొద్ది రోజుల్లోనే కారు మళ్లీ వచ్చింది. ఆ వేళ బావ సామాన్ల కోసం శ్రీకాకుళం వెళ్లాడు. స్టాండు డ్రైవర్లు మా షెడ్డు ముందు టీ తాగుతున్నారు.

"పరిగెడితే బాగానే ఉన్నాది బాబూ. రైలు గేటు కాడ ఆగితే వేడిగాలి కొడతన్నాది" అంది సిస్టరమ్మ.

బావ అయితే ఆ మాట దగ్గరే ఆగేవాడు. పరుగులో చల్లబడి, ఆగితే వేడెక్కుతోందంటే కండెన్సర్‌కి గాలి ఆడటం లేదని ఆయనకి వెంటనే తట్టేది. నేను గేజి తగిలించాను. ముల్లు ఉండాల్సిన దానికంటే బాగా పైన ఉంది. నా బుర్రలో మాత్రం వేరే మంట ఉంది. అంతకు ముందు రోజే ఇదే డ్రైవర్ల మధ్య బావ నన్ను ఆటపట్టించాడు. "మా బామ్మర్దికి గేజి ఒకటుంటే సాలు. బుర్ర ఇంటికాడ ఒగ్గేసి వస్తాడు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. అందులో విషమేమీ లేదు. నేనే దాచుకున్నాను.

"ఏటైనాది?" అని అడిగాడు ఒక డ్రైవరు.

"ఏటవుతాది? పాత కండెన్సర్‌కి రంగేసి తగిలించీసినాడు మా బావ" అన్నాను. అందరికీ వినబడేలాగే అన్నాను.

వాళ్లంతా వెళ్లాక బంపర్ విప్పాను. కండెన్సర్ కొత్తగా మెరుస్తోంది. దాని వెనక, రేడియేటర్‌కీ దానికీ మధ్య, మినుముల పొట్టు పరుపులా దట్టించుకుపోయి ఉంది. స్పాంజి లేని సందులోంచే దూరింది. అంటే నేను మూయని సందులోంచి. రేడియేటర్ కొంచెం వెనక్కి వాల్చి, గాలి కొట్టి పొట్టంతా బయటికి లాగాను. కొత్త స్పాంజి అతికించాను. బావ బిగించిన కండెన్సర్‌ని ముట్టుకోవలసిన పనే రాలేదు. ఏసీ మంచులా పట్టుకుంది.

"ఏం చేసినావు బాబూ?" అంది సిస్టరమ్మ.

"సరిచేశానమ్మా" అన్నాను. ఏం సరిచేశానో చెప్పలేదు.

సాయంత్రం బావ స్టాండు మీదుగానే వచ్చాడు. ఆ మాట షెడ్డు కన్నా ముందే ఆయనకి ఎదురైంది. మూలనున్న పొట్టు కుప్ప చూశాడు. కత్తిరించిన స్పాంజి ముక్కలు చూశాడు. అంతా తెలిసిపోయింది. నా ముఖం చూసి "ఆ పొట్టు తుడిసీ" అన్నాడు. అంతే. ఆయన అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. అడిగినా బుకాయించేవాణ్ణి.

కొద్దికాలానికి ఆయన మా అప్పని తీసుకుని విజయనగరం వెళ్లిపోయి, అక్కడ ఒకరి గ్యారేజీలో చేరాడు. అప్పకి మాత్రం అక్కడ పని ఎక్కువని చెప్పాడు. ఆమె నమ్మింది. పండక్కీ పబ్బానికీ నాకు ఫోను చేస్తూనే ఉండేది. బావ మాత్రం ఫోను అందుకునేవాడు కాదు.

ఈ చలికాలంలో వాళ్లు తిరిగి వచ్చారు. నౌపడ రోడ్డు మలుపులో బావ సొంతంగా షెడ్డు తెరిచాడు. ఒకరోజు అప్ప మా ఇంటికి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడింది.

"ఒరే తమ్ముడూ, మీ బావ సెడ్డులో కుక్కలు తొంగుంటన్నాయిరా. ఒక్క కారు రాలేదు."

"కొత్త కదప్పా. వస్తాయి."

"కొత్తేటి? ఈ ఊళ్లో పుట్టినోడు కొత్తేటి? పాత సామాను ఏస్తాడని ఎవుడో ఎప్పుడో కూసినాడంట. ఎండలు ముదిరేలోపు పని రాకపోతే మల్లీ ఇజీనారం ఎల్లిపోదుమంటన్నాడు. మల్లీ ఒకడి కింద పని, మల్లీ ఆ అగ్గిపెట్టంత గది. నావల్ల కాదురా. నువ్వు స్టాండులో ఒక మాట సెప్పు. నీ మాట ఇంటారు."

"నా మాటే విన్నారప్పా" అన్నాను.

అంతా చెప్పాను. స్పాంజి దగ్గర మొదలుపెట్టి పొట్టు దాకా. ఆమె వింటూ గుమ్మం మీదే చతికిలబడింది.

"మీ బావకి తెలుసేటి?"

"ఆ రోజే తెలుసు."

"తెలిసే నాకు సెప్పలేదు. సెప్తే నీకూ నాకూ మాటలుండవని" అంది మెల్లగా. తర్వాత గొంతు పెరిగింది. "నీ నోట్లో మన్నెయ్యా! ఆ రోజు ఎంత గట్టిగా అన్నావురా? అంత గట్టిగానే ఎల్లి సెప్పు. పో, బేగి పో!"

స్టాండుకి వెళ్లి చెప్పాను. చెబితే తీరిపోతుందనుకున్నాను. కానీ వాళ్లు నవ్వారు.

"అప్ప ఏడిసినట్టున్నాది" అన్నాడు స్టాండులో పెద్దవాడు. ఆ రోజు టీ తాగుతూ ఏటైనాదని నన్ను అడిగినవాడే. "పోన్లే, బావ కోసం ఆ మాత్రం సెప్పాల."

"లేదు మావా, నిజంగా స్పాంజి పెట్టనిది నానే."

"నువ్వు మంచోడివిరా. తప్పు మీదేసుకుంటన్నావు. కానీ రేపు పాడైతే కారు మాది కదేటి."

అబద్ధం చెప్పిన రోజు ఒక్కడూ రుజువడగలేదు. నిజం చెబితే మంచివాణ్ణయిపోయాను. అంతకన్నా సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు. ఏం చెయ్యాలో తోచక నౌపడ వెళ్లాను.

సిస్టరమ్మ దగ్గర అదే కారు ఉంది. నేను చెప్పిందంతా విని ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"అయితే పాడు సేసింది నీ స్పాంజీ, మా తమ్ముడి మినుములూనా? పాపం, ఆ మనిషి మీద నేను కూడా అనుమానపడ్డాను బాబూ. ఆయన పెట్టినదే ఇన్నాళ్లూ మా ఆయన్ని సల్లగా ఆసుపత్రికి తిప్పుతోంది." తాళం చెవి తీసుకుంది. "పద. నేనే తోలుతాను. నువ్వు పక్కన కూకో."

స్టాండు మధ్యలో కారు ఆపి, ఇంజన్ నడుస్తుండగానే ఏసీ వేసి, తలుపులన్నీ బార్లా తెరిచి "రండి బాబూ, సెయ్యి పెట్టి సూడండి" అంది. నేను బంపర్ విప్పాను. కండెన్సర్ బోల్టుల మీద ఎర్ర చుక్కలు వెలిసిపోయి ఉన్నాయి గానీ ఒక్కటీ విరగలేదు. ఆ చుక్కల సంగతి స్టాండులో అందరికీ తెలుసు.

పెద్దాయన వంగి చుక్కల్ని వేలితో తడిమాడు.

"ఇది నువ్వు ఇప్పలేదేటి?"

"లేదు మావా. ఆయన బిగించిందే."

"పాతదైతే నౌపడ ఉప్పుగాలికి ఇన్నాళ్లుంటాదేటిరా?" అని వెనకవాళ్లతో అన్నాడు. నాతో కాదు. తర్వాత నా వైపు తిరిగాడు. "అంటే ఆ రోజు మా ముందర అబద్ధమాడినావన్నమాట."

"అవును."

"సిగ్గులేనోడా" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఊపిరి తేలికైంది. మంచివాడివి అన్నప్పుడు అలా అవలేదు.

సిస్టరమ్మ హారను కొట్టింది. "తిట్టినది సాలు బాబూ. బంపరు బిగించమనండి. మా ఆయనకి మందుల వేళైంది."

రెండు మూడు రోజుల తర్వాత నా ఫోను మోగింది. బావ నంబరు. అవతల ఇంజన్ చప్పుడు, దాని మీదుగా స్టాండు పెద్దాయన గొంతు వినిపిస్తున్నాయి.

"ఒరే బామ్మర్దీ" అన్నాడు బావ. ఆ పిలుపు విని ఎన్నేళ్లో అయింది. "పరిగెడితే సల్లగా, ఆగితే వేడిగా అంట. ఏటంటావు?"

"పేపరు పెట్టి సూసినావా బావా?"

"పెట్టినాను. జారిపోతన్నాది. వెనకాల ఉలవల పొట్టున్నాది. ఈళ్ల మావగారి పంటంట. స్పాంజి పట్టీలు నీ కాడున్నాయేటి?"

"ఉన్నాయి."

"అయితే పట్రా. ఈసారి అవతల పారెయ్యకు."

మా పాత షెడ్డులో ఉన్న స్పాంజి చుట్ట మొత్తం భుజాన వేసుకుని బయల్దేరాను. వెళ్లేసరికి పెద్దాయన కారు ముక్కు విప్పి ఉంది, బావ నేల మీద కూర్చుని పొట్టు దులుపుతున్నాడు. పక్కనున్న అప్ప నన్ను చూసి, పలకరించకుండా, కత్తెర తీసి నా చేతిలో పెట్టింది. నేను కొలిచి కత్తిరించాను. బావ అందుకుని అతికించాడు. పాత సంగతి ఇద్దరం ఎత్తలేదు. మూల దగ్గర నేను కత్తిరించిన ముక్క కొంచెం పొట్టిదైంది. ఆయన దాన్ని నాకు తిరిగి ఇచ్చేశాడు. ఇంకోటి కత్తిరించాను.

బంపర్ మూశాక పెద్దాయన ఇంజన్ స్టార్ట్ చేశాడు. బావ పేపరు ముక్క నా చేతికిచ్చి "పెట్టు" అన్నాడు. జాలీకి ఆనించి చెయ్యి తీశాను. నిలిచింది.