సీరియల్ పనిమనిషి, పక్కింటి అక్క

నా చిన్నప్పుడు కోరుట్లలో మా వాడ ఆడవాళ్లంతా చాటలు ఒళ్లో పెట్టుకుని మా అరుగు మీదే బీడీలు చేసేవాళ్లు. వాళ్లకు కనిపించేలా మా నాన్నమ్మ టీవీని గుమ్మం వైపు తిప్పి పెట్టేది. చేతులు ఆకు చుడుతుంటే కళ్లు సీరియల్ మీద ఉండేవి. తెలంగాణ ఉద్యమం రోడ్డెక్కిన రోజులవి. పగలు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసి వచ్చినవాళ్లే, సాయంత్రం ఉరుకులు పరుగులతో సీరియల్‌కు అందుకునేవాళ్లు.

అదొక బంగళా వాళ్ల కథ. అందులో మా తెలంగాణ మాట మాట్లాడేది ఒక్క పనిమనిషే. ఆ సంగతే మా వాళ్లకు కారం రాసినట్టుండేది. అయినా ఆ పనిమనిషి మంచిది. నాలుగేళ్లుగా ఆ ఇంటిని కడుపులో పెట్టుకుని చూసింది. దొరికిన గొలుసు తెచ్చి ఇచ్చింది, యజమానురాలికి జబ్బు చేస్తే సేవ చేసింది. అలాంటిది ఒకనాడు ఉన్నట్టుండి బీరువాలోని నగలు మూటగట్టుకుపోయింది. ఇక మా అరుగు భగ్గుమంది.

"గొలుసు దొరికితె తెచ్చిచ్చిన మనిషి గిప్పుడు దొంగతనం చేస్తదా? గీ కత రాసినోనికి ఎన్కటిది యాదికి లేదా?" అని ఎదురింటి వదిన ఆకు కోసే కత్తెర నేలకేసి కొట్టింది. మనిషి బుద్ధి మారదా, ఏ అవసరమొచ్చిందో అని మా చిన్నమ్మ అనబోతే అందరూ ఆమె మీద పడ్డారు. మన మాట మాట్లాడేవాళ్లనే దొంగల్ని చేస్తారా అని ఒకరు, నాలుగేళ్ల మంచితనం ఒక్కరోజులో ఎట్లా పోతుందని ఇంకొకరు. మూడు రోజులు అదే గొడవ.

నాలుగోనాడు మా అరుగు మీదే ఒక ఆకు కట్ట పోయింది. ఎదురింటి వదిన తడిగోనెలో చుట్టి పెట్టుకున్న కట్ట అది. కంపెనీ వాళ్లు ఆకు తూచి ఇస్తారు, దానికి తగ్గట్టు బీడీలు అప్పజెప్పకపోతే నలుగురిలో మాటలు పడాలి. ఆ వారం అందరికీ చిల్లుల ఆకే వచ్చింది. అందరికీ బీడీలు తక్కువే పడ్డాయి, పక్కింటి అక్కకు తప్ప. గొల్లపల్లి నుంచి కాపురానికి వచ్చి ఆరేళ్లుగా మాతో కూర్చునే మనిషి ఆమె. చిల్లుల ఆకుతో ఈమెకు ఒక్కదానికే ఎట్లా సరిపోయిందని గుసగుసలు మొదలయ్యాయి.

పెద్దవాళ్ల మాటల్లో దూరాలని నాకు ఒకటే ఆరాటం. "అక్క గా గోనె దగ్గర నిలబడ్డది. నేను చూసిన" అన్నాను. అబద్ధం కాదు. ఆ గోనె పక్కనే నీళ్లకుండ ఉంది, ఆమె నీళ్లు తాగడానికి లేచింది. అది మాత్రం చెప్పలేదు. అందరూ నా వైపు తిరిగి చూశారని సంబరపడ్డాను కూడా. అక్క "నేను తియ్యలే" అని ఒకే ఒక్క మాట అని, చాట ఎత్తుకుని వెళ్లిపోయింది.

అప్పుడే సీరియల్ పాట మొదలైంది. వంటింట్లోంచి వచ్చిన నాన్నమ్మ టీవీ కట్టేసింది. అందరూ అయ్యో అన్నారు.

"ఇయ్యాల సీరియల్ మనింట్లనే నడుస్తుంది గద. గిదే చూద్దాం. మొదటి నుంచి చెప్పుండ్రి" అంటూ నాన్నమ్మ వెళ్లి ఎదురింటి వదినకు ఎదురుగా చతికిలబడింది. "నీ పోరనికి వాంతులైతె దవఖానకు ఎవలు ఎత్తుకపోయిండ్రు?"

వదిన తల వంచుకుని "గామెనే" అంది.

చిన్నమ్మకు బీడీలు తక్కువ పడిననాడు తన కట్ట విప్పి కలిపిందెవరని నాన్నమ్మ అడిగింది. దానికీ అదే జవాబు. అట్లా ఒక్కొక్కరి చేత చెప్పించింది. ఆ తర్వాత ఆమె గొంతు లేచింది. "చిల్లు కనవడంగనే మీరు ఆకు పారేస్తరు. ఆమె చిల్లు పక్క నుంచి కోస్తది. ఆరేండ్ల సంది మీ పక్కన్నే కోస్తుంది, ఎవ్వలన్న చూసిండ్రా? టీవీల బొమ్మవి నాలుగేండ్లు యాదికున్నయి. మనిషివి ఆరేండ్లు ఎటువోయినయి?"

తర్వాత నన్ను పిలిచి, చూసిందంతా చెప్పినవా సగమే చెప్పినవా అని అడిగింది. నీళ్ల సంగతి చెప్పాను. కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

అందరం అక్క ఇంటికి వెళ్లాం. ఆమె గడపలో కూర్చుని ఆకు కోస్తోంది, తల ఎత్తలేదు. "పెద్దమ్మా, నువ్వు యాది చేస్తె అచ్చిండ్రు. చెయ్యకపోతె వీళ్లల్ల ఒక్కరన్న అచ్చెటోళ్లా?" అంది.

ఆ ఆకు కట్ట ఏమైందో ఈనాటికీ తెలియదు. రెండు వారాలకు సీరియల్‌లో పనిమనిషి నిర్దోషి అని తేలింది, అరుగంతా చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు మండింది. వాళ్ల మీద, ఆ కథ రాసినవాడి మీద, అందరికన్నా ఎక్కువ నా మీద. ఆ కోపం ఇంకా చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. నలుగురిలో ఎవరి మీదనైనా మాట పడితే, వాళ్ల గురించి నాకు తెలిసిన మంచి అంతా ఎవరూ అడగకముందే చెప్పేస్తాను. ఆ రోజు నేను నీళ్ల సంగతి కూడా అప్పుడే చెప్పి ఉంటే అక్క మా అరుగు మీదే ఉండేది. ఆమె మళ్లీ మా మెట్టు ఎక్కలేదు.