మా మామ పీల్చిన రాతి దుమ్ము

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, మామ సొంతూరు పినపాక నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. "మీ మామ పోయిండే" అని ఒక్క మాట. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. మీతో చెప్పుకుంటేనైనా తగ్గుతుందేమో.

ఆయన మా అమ్మకు తమ్ముడు. ఖమ్మం పక్కన ఒక గ్రానైట్ షెడ్డులో ఇరవై ఏళ్లు చేతి మిషన్‌తో బండల అంచులు కోశాడు. నాన్న లేని నన్ను తన గదిలోనే ఉంచుకుని, ఆ కూలితోనే టీచర్ ట్రైనింగ్ చదివించాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు, మీసాలు తెల్లగా ఉండేవి. "చూసినవా, మీ మామ గప్పుడే ముసలోడైండు" అని నవ్వేవాడు.

ఆయనతో మాస్కు పెట్టించడం నా వల్ల కాలేదు. ఎన్ని కొనిచ్చానో! "ఏది మామా మాస్కు?" అంటే "ఉన్నదే" అంటూ జేబులోంచి తీసేవాడు. ఆ మాస్కులో చుట్టి బీడీలు, అగ్గిపెట్టె. "మొఖానికి గిది కడ్తే ఊపిరాడ్తలేదే కోడలా" అనేవాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను.

తర్వాత దగ్గు పట్టుకుంది. వెళ్లిన ప్రతి దవాఖానాలో టీబీ అన్నారు. తెమడ పరీక్షలో ఏమీ రాకపోయినా మందులు రాశారు. ఒక కోర్సు అయ్యాక ఇంకోటి. ఏం పని చేస్తావని ఒక్కరూ అడగలేదు. ఈయనా చెప్పలేదు. "అడగంది ఏం చెప్తం?" అట! ఇంట్లో తన కంచం, గ్లాసు వేరు చేసుకున్నాడు. తన కూతురికి కొత్తగా పుట్టిన పాపను గడప అవతలి నుంచే చూసేవాడు.

చివరికి నేనే పోట్లాడి ఖమ్మంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె ఎక్స్‌రే చూడకముందే అడిగింది.

"ఏం పని చేస్తారు?"

"రాయి కోస్త మేడం."

"నీళ్లు పోస్తూనా, పొడిగానా?"

"నీళ్లెక్కడియి మేడం, పొడిగనే."

పరీక్షలన్నీ చేయించాక, ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుని అవి గట్టిపడ్డాయని, పోయిన ఊపిరి తిరిగి రాదని, వెంటనే పని మానేయాలని చెప్పింది. దీనికి మందేమైనా ఉందా అని నేను అడగబోయాను. మామ మాత్రం ముందుకు వంగాడు.

"అయితే టీబీ కాదా? మనుమరాలిని ఎత్తుకోవచ్చునా?"

"కాదు. ఎత్తుకోండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. ఇలాంటి మనిషితో ఎలా వేగాలి, చెప్పండి!

మర్నాడు షెడ్డుకు వెళ్లి స్విచ్ బోర్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దుమ్ము లేవకుండా నీళ్ల పైపు పెట్టేదాకా మిషన్ నడవదన్నాడు. అంతా బురదైతదని యజమాని విసుక్కున్నాడు.

"బురద కడిగితే పోతది సేటూ. మా లోపలికి పోయింది ఎట్ల కడుగుతవ్?"

మిగతావాళ్లూ మిషన్లు కింద పెట్టారు. మూడో రోజు పైపు వచ్చింది. ఆ సంగతి ఫోన్లో చెబుతూ రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఈ బుద్ధి పదేళ్ల కిందట ఏమైంది మామా?" అని అరిచాను.

"గప్పుడు తెల్వదు కదనే. తెలిసినంక కూడ ఊకుంటే ఎట్ల?"

ఆ నెలలోనే పని మానేసి పినపాక వెళ్లిపోయాడు, కానీ పోయిన ఊపిరి తిరిగి రాలేదు.

కర్మ అయ్యాక ఖమ్మం బస్సెక్కాను. ఖమ్మం శివారులో వరుసగా షెడ్లు. ఒకదాంట్లో బండ మీంచి నీళ్లు కారుతున్నాయి. పక్కదాంట్లోంచి తెల్లటి దుమ్ము రోడ్డు దాకా లేచింది. నా ముందు సీటులో ఉన్నామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబుక్కున అద్దం మూసింది. ఆ దుమ్ము మధ్యలో ఒక మనిషి వంగి రాయి కోస్తున్నాడు. ముఖం కనిపించలేదు. దగ్గినప్పుడల్లా ఎగిరిపడుతున్న వీపు మాత్రమే కనిపించింది.