విన్నీ గీసిన నెల్సన్

ఇంగ్లండులోని నార్ఫోక్ తీరంలో పబ్బుల బోర్డులకు బొమ్మలు వేసే హెర్బర్ట్ థ్రోవర్‌కు చేతులు వణకడం మొదలయ్యాక, నిచ్చెనా కుంచెలూ భార్య విన్నీ అందుకుంది. ఇరవై ఏళ్లుగా అక్షరాలు దిద్దింది ఆవిడే. బొమ్మల జోలికి మాత్రం హెర్బర్ట్ రానిచ్చేవాడు కాదు.

యుద్ధం ముగిసిన ఐదో ఏడు, ఊళ్లో 'లార్డ్ నెల్సన్' పబ్బు బోర్డు ఉప్పుగాలికి పెచ్చులూడిపోయింది. యజమాని కబిట్ కొత్తది వేయమన్నాడు.

"అంత పెద్ద నౌకాసేనాని నెల్సన్ మన జిల్లా బిడ్డ. ఎవరో గుమస్తాలా గీశావంటే ఊళ్లోవాళ్లు నన్ను బతకనివ్వరు, విన్నీ."

మూడుసార్లు గీసి మూడుసార్లూ గీకేసింది. కోటు కుదిరింది, పతకాలు కుదిరాయి. కానీ నెల్సన్ ఓ యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్నవాడు. అలా చెయ్యి లేని మనిషి భుజం ఎలా వాలుతుందో మాత్రం అంతుచిక్కలేదు. చివరికి ఏమోస్ లార్టర్ ఇంటికి వెళ్లింది. యుద్ధంలో ఎడమచెయ్యి పోగొట్టుకున్న జాలరి అతను. పబ్బులో అడుగుపెడితే చాలు, "దొరవారొచ్చారు, లేవండర్రా" అని బ్రిగ్స్ ముఠా అతన్ని లార్డ్ నెల్సన్‌ని చేసి వెక్కిరిస్తుంటే అటు వెళ్లడమే మానేశాడు.

ఏమోస్ దారాన్ని పళ్లతో పట్టి పీతల బుట్ట బాగుచేసుకుంటున్నాడు. బొమ్మ కోసం ఎదురుగా కూర్చోమని ఆవిడ అడగ్గానే దారం వదిలేశాడు.

"నువ్వూ ఎగతాళికే వచ్చావా?"

"గీయడం చేతకాక వచ్చానయ్యా."

"ఆయనకు పోయింది కుడిచెయ్యి. నాది ఎడమది."

"అద్దంలో చూసి గీస్తాలే."

ఆరు పొద్దుటిపూటలు విన్నీ ఇంటికి వచ్చి కూర్చున్నాడు. మూడోనాడు ఉన్నట్టుండి, "లేని వేళ్లు ఇప్పటికీ చలికి కొంకర్లు పోతాయి" అన్నాడు. విన్నీ కుంచె పక్కన పెట్టి వింది. పక్కగదిలోంచి అన్నాళ్లూ తొంగిచూడని హెర్బర్ట్ ఆరోనాడు వచ్చి, బొమ్మను చాలాసేపు చూశాడు.

"సముద్రం మరీ నీలంగా ఉంది. మనదానికి బూడిదరంగు కలపాలి" అన్నాడు. అంతకుమించి ఏ వంకా పెట్టలేదు. ఆ రంగు దగ్గరుండి కలిపించాడు.

బోర్డు ఎక్కించిన రోజు జనం తలలెత్తి చూశారు. ముందుగా పోల్చుకున్నది బ్రిగ్సే. "అది మన ఏమోస్ కదూ" అన్నాడు మెల్లగా, టోపీ తీసి. కబిట్ ఏమోస్‌ను లోపలికి పిలిచి, బీరు గ్లాసు నింపి ముందు పెట్టాడు. ఆ పూట ఎవరూ దొరవారనలేదు.

తర్వాత చుట్టుపక్కల ఊళ్లకి విన్నీ మరో నలుగురు నెల్సన్‌లను గీసింది. పిలిచిన ప్రతిసారీ ఏమోస్ వచ్చాడు, ఆవిడ ఇంట్లో పొయ్యి సరిగా మండదని సణుగుతూనే.