నొప్పుల్లో తాళం తిప్పాను

2015లో ఒమన్‌లోని ఇబ్రాలో ఉండేవాళ్లం. ఒక మధ్యాహ్నం నాకు నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. మావారు నన్ను కారెక్కించి తాళం తిప్పితే, ఇంజన్ తిరుగుతోంది గానీ స్టార్ట్ కాదు. ఆయన తాళం తిప్పుతూనే ఉంటే, ఇబ్రాలోనే పనిచేసే, మాకు తెలిసిన కడప మెకానిక్ బాషాకి నేనే ఫోన్ చేశాను.

"తాళం ఆన్‌లో పెట్టి వినక్కా. వెనక సీటు కింద జుయ్‌మని సద్దు వస్తాందా?"

"లేదు."

"పెట్రోల్ పంపు పట్టేసింది. సార్‌ని సీటెత్తి కింద గుద్దమను. నువ్వు తాళం తిప్పు."

పళ్లు బిగబట్టి డ్రైవర్ సీట్లోకి జరిగాను. మావారు నాలుగు దెబ్బలు వేసేసరికి ఇంజన్ అందుకుంది. ఇద్దరం ఏడ్చేశాం.

ఆసుపత్రికి చేరిన అరగంటకే పాప పుట్టింది. సాయంత్రం బాషా కొత్త పంపుతో అక్కడికే వచ్చాడు. పాపను చూశాకే కారు దగ్గరికి వెళ్లాడు. ఇక్కడ మనకెవరూ లేరన్న మాట మళ్లీ నా నోట రాలేదు.